అల్లరి పిల్లలు, నక్షత్రాలు, కొంచెం చరిత్ర

మన వీధి బడుల రోజుల్లో కోదండం అని ఒక శిక్ష ఉండేది. పై దూలానికి తాడు కట్టి, అది పట్టుకుని పిల్లాణ్ణి వేలాడమనేవారు పంతులుగారు. చేతులు నొప్పెట్టి వదిలేస్తే కింద బెత్తం సిద్ధంగా ఉండేది. గోడకుర్చీ, గుంజీళ్లు, తొడపాశం ఇవన్నీ దాని తమ్ముళ్లు. గోడకుర్చీ అయితే మా తరం దాకా నిక్షేపంగా బతికింది. నలభై దాటిన వాళ్లనెవర్నడిగినా మోకాళ్లు తడుముకుని మరీ చెబుతారు. "దండం దశగుణం భవేత్" అనే ముక్కొకటి అడ్డం పెట్టుకుని ఎన్ని తరాలు నడిపించారో!

డిగ్రీలో తెలుగు తీసుకున్న పుణ్యాన పాతవాళ్ల ఆత్మకథలు కొన్ని చదివాను. బడి అనగానే దెబ్బల ముచ్చట వస్తుంది. "ఆ దెబ్బలే నన్ను ఇంతవాణ్ణి చేశాయి" అని మురిసిపోవడమూ వస్తుంది. నాకెప్పుడూ ఒక సందేహం ఉండేది. అదే బడిలో మాట సరిగ్గా రానివాడు, ఒకచోట కుదురుగా కూర్చోలేనివాడు, పది సార్లు చెప్పినా అక్షరం గుర్తుండనివాడు ఉండే ఉంటారు కదా, వాళ్లకి ఆ దెబ్బలు ఏం చేశాయి? వాళ్లు ఆత్మకథలు రాయలేదు. మొద్దు, వెర్రిబాగులవాడు అని ఊరు పెట్టిన పేరుతోనే పోయి ఉంటారు.

అలాంటి పిల్లల్ని కొట్టకుండా, అలాగని వదిలేయకుండా, దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పడం ఎక్కడ మొదలైందా అని కొన్నాళ్లుగా దొరికింది దొరికినట్టు చదువుతున్నాను. నాకీ ఆసక్తి ఎందుకొచ్చిందో మధ్యలో చెబుతాను. ముందు కథ వినండి.

1800 జనవరిలో ఫ్రాన్సు దక్షిణాన అవేరాన్ ప్రాంతంలో, సెయింట్ సెర్నిన్ అనే ఊళ్లోకి అడవిలోంచి ఒక పిల్లాడు వచ్చాడు. పదకొండు పన్నెండేళ్లుంటాయి. మాట లేదు, ఒంటి మీద సరైన బట్ట లేదు, ఒంటినిండా గాట్లు. అంతకుముందూ ఒకటి రెండు సార్లు జనం పట్టుకుంటే పారిపోయిన పిల్లాడే. ఆ ఏడాదే ప్యారిస్ తీసుకెళ్లి బధిరుల విద్యాలయంలో పెట్టారు. ఊరంతా విరగబడి చూడ్డానికి వెళ్లింది. ఆ రోజుల్లో మానసిక వైద్యంలో గొప్ప పేరున్న పినేల్ అనే పెద్ద డాక్టరు పరీక్షించి, వీడు పుట్టు మందబుద్ధి, బాగుపడడు అని తేల్చేశాడు. జనం కూడా వచ్చిన దారినే వెళ్లిపోయారు.

అప్పుడు ఇరవై ఆరేళ్ల కుర్ర డాక్టరు ఇటార్, నేను ప్రయత్నిస్తానన్నాడు. పిల్లాడు 'ఓ' అనే శబ్దం వినగానే తల తిప్పుతున్నాడని గమనించి, ఆ శబ్దం ఉన్న పేరు చూసి విక్టర్ అని పెట్టాడు. ఏం చేశాడు, ఏం జరిగింది అని 1801లో ఒకటి, 1806లో ఒకటి రెండు నివేదికలు రాశాడు. ప్రత్యేక అవసరాలున్న పిల్లల చదువు గురించి ఎవరు రాసినా ఈ రెండింటి దగ్గరే మొదలుపెడతారు. 1970లో ఫ్రెంచి దర్శకుడు ట్రుఫో దీన్నే సినిమాగా తీసి, ఇటార్ వేషం తనే వేశాడు.

ఇటార్ పద్ధతి చూడండి. విక్టర్‌కి పాలంటే ప్రాణం. గిన్నె చూపించి, పాలకి ఫ్రెంచి మాట 'లే' అంటేనే ఇస్తానని పట్టుబట్టాడు. పిల్లాడు అడగడానికి మాత్రం ఆ మాట వాడలేదు. ఇక లాభం లేదని గిన్నెలో పాలు పోశాక, సంతోషం పట్టలేక 'లే' అనేవాడు. ఇటార్ చాలా నిరాశపడ్డాడు. తర్వాత మాట పక్కన పెట్టి అక్షరాలు పట్టుకున్నాడు. ఆ ఫ్రెంచి మాటకి నాలుగక్షరాలు. వాటిని వరసగా పేరిస్తే పాలు వస్తాయని నేర్పాడు. ఒక వారం గడిచింది. విక్టర్‌ని రోజూ షికారు తీసుకెళ్లే దారిలో ఒక పెద్దమనిషి ఇంట్లో అతనికి పాలు ఇచ్చేవారు. ఆ రోజు బయల్దేరే ముందు విక్టర్, ఎవరూ చెప్పకుండానే, ఆ నాలుగక్షరాలూ ఏరి జేబులో వేసుకున్నాడు. ఆ ఇంటికి వెళ్లగానే బల్ల మీద వరసగా పేర్చాడు.

ఈ ఘట్టం చదివి పుస్తకం కాసేపు మూసేశాను. పక్కా అరుపులతో, పళ్లతో, గోళ్లతో తప్ప ఏదీ అడగడం తెలియని పిల్లాడు మొదటిసారి మర్యాదగా అడిగాడు. నోరు రాకపోతేనేం?

అయితే ఇటార్‌ని దేవుణ్ణి చేసేయకండి. పాఠం మధ్యలో విక్టర్ కోపంతో ఊగిపోయి వస్తువులు విసిరేస్తుంటే, ఎత్తు అంటే అతనికి భయమని తెలిసి, పట్టుకుని పై అంతస్తు కిటికీలోంచి తలకిందులుగా బయటికి వేలాడదీశాడు. పిల్లాడు వణికిపోయి, ఆ తర్వాత కింద పడ్డ అక్షరాలన్నీ ఏరి, వెళ్లి మంచం మీద పడి ఏడ్చాడు. మన కోదండం లాంటిదే కదూ! ఇంకోసారి, న్యాయం అన్యాయం తెలుసో లేదో చూద్దామని, పాఠం బాగా చేసినా చీకటి గదిలోకి తోశాడు. విక్టర్ తిరగబడి చెయ్యి కొరికాడు. అన్యాయాన్ని ఎదిరించాడని డాక్టరుగారు తెగ సంతోషించారట. సంతోషం ఆయనది, దుఃఖం పిల్లాడిది.

ఇంకో పేచీ కూడా ఉంది నాకు. చరిత్ర నిండా ఇటార్ పేరే. విక్టర్‌కి స్నానం చేయించింది, వండి పెట్టింది, రోజూ షికారు తిప్పింది, పాఠాలయ్యాక ఏడుస్తుంటే ఒళ్లోకి తీసుకుంది మేడమ్ గెరాన్ అనే ఆవిడ. ఆ విద్యాలయంలో పనిచేసే ఇల్లాలు. అయిదారేళ్లకి ఇటార్ ఇంక చేసేది లేదని పాఠాలు ఆపేశాడు. ఆవిడ ఆపలేదు. ప్రభుత్వం ఇచ్చే కొద్దిపాటి భత్యంతో దగ్గర్లోనే ఒక ఇంట్లో అతన్ని పెట్టుకుని సాకింది. 1828లో, సుమారు నలభై ఏళ్ల వయసులో, అతను పోయే దాకా ఆవిడ దగ్గరే ఉన్నాడు. ఆవిడ నివేదికలేవీ రాయలేదు.

అయినా ఇటార్ రాసిన ఒక్క సంగతి వల్ల ఆవిడ ఇల్లు నా కళ్లకి కట్టింది. భోజనాల బల్ల మీద కంచాలు పెట్టడం విక్టర్ పని. మేడమ్ గెరాన్ భర్త జబ్బుచేసి చనిపోయాడు. ఆ రోజు కూడా విక్టర్ అలవాటుగా ఆయన కంచం ఆయన చోట పెట్టాడు. అది చూసి ఆవిడ భోరుమంది. తన వల్లే ఏడుస్తోందని అర్థం చేసుకుని, విక్టర్ మెల్లగా ఆ కంచం తీసి అలమరలో పెట్టేశాడు. మళ్లీ ఎప్పుడూ అది బల్ల మీదకి తేలేదు. మందబుద్ధి, బాగుపడడు అని పెద్ద డాక్టరు తేల్చింది ఈ పిల్లాణ్ణే.

తర్వాతి వందేళ్లు గబగబా చెప్పేస్తాను. ఇటార్ చివరి రోజుల్లో సెగాన్ అనే యువకుడికి దారి చూపాడు. సెగాన్ ఇలాంటి పిల్లల కోసం పద్ధతులు తయారుచేసి, పుస్తకాలు రాసి, 1850 ప్రాంతంలో అమెరికా వెళ్లిపోయాడు. ఇటలీలో ఒక డాక్టరమ్మ ఈ ఇద్దరి రాతలూ కూర్చుని తన చేత్తో ఇటాలియన్‌లోకి మొత్తం రాసుకుంది. ఆవిడే మరియా మాంటిస్సోరి. మొదట మందబుద్ధి అని ముద్రపడ్డ పిల్లలకి రోమ్‌లో చదువు చెప్పింది. వాళ్లు మామూలు పిల్లల పరీక్షలు ప్యాసైతే లోకం మెచ్చుకుంది. ఆవిడ మాత్రం, వీళ్లే ప్యాసవుతుంటే మామూలు పిల్లలు ఇంత వెనక ఎందుకున్నారు అని ఆలోచనలో పడిందట. 1907లో మామూలు పిల్లలకి బడి పెట్టింది. 1939లో మద్రాసు అడయారుకి వచ్చి, యుద్ధం వల్ల 1946 దాకా మన దేశంలోనే ఉండి ఎంతోమంది టీచర్లకి శిక్షణ ఇచ్చింది. ఇవాళ మన ఊళ్లలో సందుకొక మాంటిస్సోరి బోర్డు కనిపిస్తుంది. ఆ బల్లలు, అంకెల కడ్డీలు, గరుకు అక్షరాలు మొదట ఎవరి కోసం పుట్టాయో ఆ పిల్లల్ని చేర్చుకోమంటే మాత్రం సీట్లు ఉండవు.

ఇక నక్షత్రాల సంగతి. మీ ఇంట్లో ఫ్రిజ్ మీద ఎప్పుడైనా చార్టు అంటించారా? పళ్లు తోముకుంటే ఒక స్టార్, హోంవర్క్ చేస్తే ఒక స్టార్, పది స్టార్లయితే ఐస్‌క్రీమ్. దీని పుట్టింటి వాళ్లలో ముఖ్యులు 1960లలో అమెరికాలో వాషింగ్టన్, కాన్సాస్ రాష్ట్రాల వాళ్లు.

సియాటిల్‌లోని యూనివర్సిటీ శిశు పాఠశాలలో మూడేళ్లు దాటిన ఒక పాప ఉండేది. నడక వచ్చి కూడా బడిలో పాకుతూనే ఉండేది. నిలబడదు, ఎవరితో ఆడదు. టీచర్లు మనసున్న వాళ్లు. అయ్యో తల్లీ అని దగ్గరికెళ్లి, కింద కూర్చుని బుజ్జగించేవారు. హారిస్ అనే ఆవిడా, తోటివాళ్లూ దీన్ని గమనించి, ఒక మార్పు చేద్దామన్నారు. పాకుతున్నప్పుడు పట్టించుకోవద్దు. ఒక్క క్షణం లేచి నిలబడినా వెంటనే దగ్గరికి వెళ్లి మాట్లాడండి అన్నారు. కొద్దిరోజుల్లోనే పాప లేచి తిరగడం మొదలుపెట్టింది. కారణం నిజంగా అదేనా అని తేల్చుకోడానికి టీచర్లు మళ్లీ పాత పద్ధతికి వెళితే, పాప మళ్లీ పాకింది. కొత్త పద్ధతికి తిరిగొస్తే మళ్లీ లేచింది. 1964లో ఇది అచ్చయింది. పసిదాన్ని మళ్లీ పాకించి చూడటం నాకు నచ్చలేదు. కానీ వాళ్లు కనిపెట్టింది మనం రోజూ చేసేదే కదా! బుద్ధిగా ఆడుకుంటున్నంతసేపూ మన పని మనం చూసుకుంటాం. గ్లాసు పగలగానే పరిగెత్తుకెళతాం.

అదే ఏడాది మాంట్రోజ్ వుల్ఫ్, అతని తోటివాళ్లు ఇంకో పిల్లాడి గురించి రాశారు. వాళ్ల రాతలో అతని పేరు డిక్కీ. మూడున్నరేళ్లు, ఆటిజం. శుక్లాల వల్ల కళ్లలోని కటకాలు తీసేశారు. కళ్లజోడు పెట్టుకోకపోతే చూపు పోతుందని డాక్టర్లు హెచ్చరించారు. పెట్టబోతే తల బాదుకుంటాడు, రక్కుకుంటాడు. వీళ్లు ముందు అద్దాల్లేని ఖాళీ ఫ్రేములు గదిలో అక్కడక్కడ పడేశారు. ఒకటి ముట్టుకుంటే చాలు, ఒక తినుబండారం ముక్క. చేత్తో పట్టుకుంటే ఇంకో ముక్క. మొహం దగ్గరికి తెస్తే ఇంకోటి. ఇలా అంగుళం అంగుళం జరిపి, చివరికి రోజుకి పన్నెండు గంటలు కళ్లజోడు పెట్టుకునేలా చేశారు. కాకరకాయ తినని పిల్లలకి మొదటి రోజు పప్పులో ఒక్క ముక్క కలిపే అమ్మలకి ఈ కిటుకు ఎవరూ చెప్పక్కర్లేదు. వాళ్లు చేసిందల్లా రోజూ లెక్క రాసుకోవడం. అదే పెద్ద తేడా.

తర్వాత వుల్ఫ్ కాన్సాస్ వెళ్లాడు. అక్కడే హాల్ అనే ఆయన, ఇద్దరు సహచరులతో కలిసి పేదల పేట బడుల్లో పనిచేశాడు. రాబీ అనే మూడో తరగతి పిల్లాడు రబ్బరు బ్యాండ్లు లాగుతూ, జేబులో బొమ్మలతో ఆడుతూ, పక్కవాళ్లతో కబుర్లు చెబుతూ ఉండేవాడు. చదువుకునే సమయంలో చదివేది 25 శాతమే. టీచరు వాడి మీద పెట్టే ధ్యాసలో 55 శాతం వాడు చదవనప్పుడే. "రాబీ, అది లోపల పెట్టు!" లాంటివన్నమాట. అప్పుడు వెనక కూర్చున్న పరిశీలకుడు, రాబీ ఒక నిమిషం పాటు పనిలో ఉంటే టీచరుకి సైగ చేసేవాడు. ఆవిడ వెళ్లి మెచ్చుకునేది. చదివే సమయం సగటున 71 శాతానికి పెరిగింది. 1968లో వచ్చిందిది. ఆ ఏడాదే వచ్చిన మరో పరిశోధన, క్లాసులో నియమాలు రాసి గోడకి అంటిస్తే ఒరిగేదేమీ ఉండదని, మంచి పనిని వెంటనే మెచ్చుకోవడంలోనే అసలు బలం ఉందని చెప్పింది.

1969లో నాలుగో తరగతిలో ఒక ఆట పెట్టారు. 24 మంది పిల్లలు. అందులో ఏడుగురు అప్పటికే ప్రిన్సిపాల్ దగ్గరికి ఫిర్యాదులు వెళ్లినవాళ్లు. క్లాసుని రెండు జట్లు చేసి, అనుమతి లేకుండా లేచినా, మధ్యలో మాట్లాడినా ఆ జట్టుకి బోర్డు మీద ఒక గీత. గీతలు తక్కువున్న జట్టు గెలిచినట్టు. రెండు జట్లకీ బాగా తక్కువుంటే ఇద్దరూ గెలిచినట్టే. బహుమతి అంటే డబ్బు కాదు. భోజనానికి ముందు వరసలో వెళ్లడం, పేరు పక్కన నక్షత్రం, చివర్లో అరగంట ఇష్టమైన పని. అల్లరి ఒక్కసారిగా తగ్గిపోయింది. అయితే ఇద్దరు పిల్లలు మేం ఆడం పొమ్మని మొండికేశారు. వాళ్ల వల్ల జట్టు ఓడిపోతోందని టీచరు వాళ్లని జట్టులోంచి తప్పించాల్సి వచ్చింది. నా మనసు ఆ ఇద్దరి దగ్గరే ఆగిపోయింది. మొత్తం క్లాసుకి పనికొచ్చే ఉపాయం, అది ఎవరికి అన్నిటికంటే ఎక్కువ కావాలో వాళ్లకే అందకపోవచ్చు.

ఈ రంగంలో మచ్చలూ తక్కువేం కాదు. 1965లో లైఫ్ పత్రిక, కాలిఫోర్నియాలో లోవాస్ అనే ఆయన ఆటిజం పిల్లలకి చెంపదెబ్బలు, కరెంటు షాకులు కూడా వాడి నేర్పుతున్న ఫొటోలు వేసింది. కిటికీ బయట వేలాడిన విక్టర్ గుర్తొచ్చాడు నాకు. 1972లో వినెట్, వింక్లర్ అనే ఇద్దరు తమ రంగం వాళ్లనే నిలదీశారు. మీరు ఈ ఉపాయాలన్నీ వాడి పిల్లలకి నేర్పుతున్నది కదలకు, మెదలకు, చెప్పినట్టు విను అన్న మూడే కదా, ఇంతకీ చదువెక్కడ అని. కూర్చోవడం నేర్చిన పిల్లాడు చదువు నేర్చినట్టేనని బడులు ఇప్పటికీ అనుకుంటూనే ఉన్నాయి.

మనకి ఇది సికింద్రాబాద్ మీదుగా వచ్చింది. బోయిన్‌పల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో 1984లో కేంద్ర ప్రభుత్వం మానసిక వికలాంగుల జాతీయ సంస్థని పెట్టింది. ఇప్పుడు దాని పేరు మారింది. అక్కడ పనిచేసిన రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ గార్లు 1992లో టీచర్ల కోసం ఒక చేతిపుస్తకం, మన పిల్లలకి సరిపడే ఒక కొలత పట్టిక తయారుచేశారు. పట్టిక మొదటి భాగంలో పిల్లలకి వచ్చిన పనులు చూసేందుకు 280 అంశాలు, రెండో భాగంలో ఇబ్బంది పెట్టే ప్రవర్తనలకి 75. ఆ వరస నాకు బాగా నచ్చింది. వీడు ఏం పాడుచేస్తాడు అన్నదాని కంటే ముందు వీడికి ఏమేం వచ్చు అని అడుగుతుంది. అరుపు, కొరుకుడు, విసురుడు ఊరికే రావని, దాని వెనక పిల్లాడికి ఏదో లాభం ఉంటుందని వాళ్ల పద్ధతి. ఎవరైనా చూడాలనో, ఏదైనా కావాలనో, కష్టమైన పని తప్పించుకోవాలనో. ఇది తేల్చకుండా ఏ ఉపాయమూ పనిచేయదంటారు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. మా ఆడపడుచు కొడుక్కి తొమ్మిదేళ్లు, ఆటిజం ఉంది. మూడో తరగతి. రెండేళ్ల కిందట వాడి బడి వాళ్లు పిలిచి, మీ వాడు లెక్కల పీరియడ్‌లో కేకలు పెడుతున్నాడు, వేరే బడి చూసుకోండి అన్నారు. అప్పటిదాకా వాళ్లు చేసింది, కేక పెట్టగానే ఆయాతో వరండాలోకి పంపడం. "వదినా, నా కొడుకు చదివేది వరండాలోనే. దానికీ ఫీజు కడుతున్నాను" అని ఫోన్లో ఏడ్చింది. చట్టం చూస్తే, 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని, మానసికంగా హింసించడాన్ని నిషేధించింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అందరితో కలిపి చదివించమంది. చట్టం చేతిలో పట్టుకుని వెళ్లి పోట్లాడొచ్చు. పోట్లాడి గెలిచినా మర్నాడు పొద్దున పిల్లాణ్ణి వదిలి రావాల్సింది ఆ టీచరు దగ్గరే కదా.

ఒక స్పెషల్ ఎడ్యుకేటర్‌ని కలిశారు. ఆవిడ మందూ మాకూ చెప్పలేదు. రూళ్ల నోటుబుక్కులో మూడు గళ్లు గీయించింది. ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత ఏం జరిగింది. రెండు వారాలు రాయమంది. క్లాసు టీచరు మొదట విసుక్కున్నా, పాపం, రాసింది. చూస్తే ఏముంది! ముందు గడిలో ప్రతిసారీ బోర్డు మీద నుంచి లెక్కలు ఎక్కించుకోమనడం. మూడో గడిలో ప్రతిసారీ వరండా. వరండాలో ఫ్యాన్ కింద ఆయా పక్కన వాడికి మహా సుఖం. శిక్ష అనుకుని బడివాళ్లు రోజూ వాడికి బహుమతి ఇస్తున్నారు. ఇంత చదివిన వాళ్లకి కూడా అది గళ్లల్లో పడేదాకా కనిపించలేదు.

బోర్డు మీద నుంచి ఎక్కించడం మాన్పించి లెక్కలు కాగితం మీద రాసి ఇవ్వడం మొదలుపెట్టారు. పదికి బదులు నాలుగు. మెడలో ట్యాగుకి ఒక పసుపు కార్డు తగిలించారు. అది పైకెత్తితే రెండు నిమిషాలు వెళ్లి నీళ్లు తాగి రావచ్చు. కేక పెడితే మాత్రం వరండా లేదు. మొదటి వారం నరకం. కేకలు ఇంకా పెరిగాయి. మా ఆడపడుచు ఇదంతా ఆపేద్దామంది. పాత దారి మూసేస్తే పిల్లలు ముందు ఇంకా గట్టిగా తలుపు బాదుతారని ఆ ఎడ్యుకేటర్ ముందే చెప్పింది కాబట్టి, మేం పక్కన ఉండి ఆగమన్నాం. మూడో వారంలో ఒకరోజు కేక పెట్టబోయి, ఆగి, కార్డు ఎత్తాడట. ఆ సాయంత్రం ఫోన్‌లో నాకు మాటల కంటే ఏడుపే ఎక్కువ వినిపించింది. ఇది వేరే ఏడుపు.

ఏం లక్ష్యం పెట్టుకుందాం అని నోటుబుక్కులో రాసేటప్పుడు టీచరు, "నలభై నిమిషాలు కదలకుండా కూర్చోవడం" అని రాసింది. మా ఆడపడుచు దాన్ని కొట్టేసి, "నాలుగు లెక్కలు చేయడం, కావాల్సింది అడగడం" అని రాసింది. ఇద్దరికీ కాసేపు మాట పట్టింపు అయింది. చివరికి రెండోదే ఉంచారు. వాడు పీరియడ్‌కి మూడుసార్లు కార్డు ఎత్తుతున్నాడని లెక్కల టీచరు ఇప్పటికీ సణుగుతుంది. మొన్న ఐదో లెక్క కూడా అడిగి చేశాడట. ఈ వారం కార్డు రెండుసార్లే.